కట్టు నానే రెండు నిమిషాలు

పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. అందులో ఇరవై రెండేళ్లు డ్రెస్సింగ్ గదిలోనే గడిచాయి. ఆపరేషన్ థియేటర్‌కు ఉన్న గౌరవం ఆ గదికి ఉండదు. చీము, స్పిరిట్, తడి దూది కలిసిన వాసన గోడలకు పట్టి ఉంటుంది. కొత్తగా వచ్చిన వాళ్లను ముందు అక్కడే వేస్తారు. పలుకుబడి ఉన్నవాళ్లు నెల తిరక్కుండానే వేరే వార్డుకు మారిపోతారు. నాకు పలుకుబడి లేక మొదట ఉండిపోయాను. తర్వాత మారుస్తామన్నా చాలా ఏళ్లు నేనే వెళ్లలేదు.

ఈ మధ్య మా మేనకోడలు నర్సింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికే మలక్‌పేటలో మా ఇంటికి వచ్చి కూలబడింది. "అత్తా, పొద్దంత కట్లు విప్పుడు, కట్లు కట్టుడు. మనుషుల మొకాలు గూడ చూస్తలేను. మిషన్ లెక్క అయితున్న" అంది. దానికి అన్నం పెట్టి పంపించాను కానీ జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలంటే ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు నాకు పని నేర్పిన మనిషి. ఇంకొకరు నా నోటి వల్ల నష్టపోయిన మనిషి. ఈ రెండో సంగతి ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నానని

చేరినప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. పొద్దున ఎనిమిదిన్నరకు తలుపు తీసేసరికి వరండాలో బెంచీల మీద, నేల మీద నలభై, యాభై మంది కూర్చుని ఉండేవారు. పదకొండుకు సర్జన్ వచ్చేలోపు అందరి కట్లూ మార్చాలి. మా హెడ్ సిస్టర్ సుగుణమ్మ గుమ్మంలో నిలబడి గడియారం చూస్తుండేది. "చేతులు ఆడనియ్యండి, ముచ్చట్లు తర్వాత" అనేది. ఆమెను చెడ్డగా చెప్పడం నాకిష్టం లేదు. గదిలో ఉన్న ఒక్కడి కోసం బయట జ్వరంతో కూర్చున్న నలభై మందిని మర్చిపోకూడదని ఆమె బాధ. అది నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

నేను చురుకైనదాన్నని పేరు తెచ్చుకున్నాను. పాత కట్టు కత్తిరించి, పుండుకు అంటుకుపోయిన గాజుగుడ్డను ఒక్క లాగుతో ఊడదీసేదాన్ని. "ఒక్కసారి మండుతది, అంతే" అని చెప్పి లాగడం మా అందరికీ అలవాటు. ముందు తడిపి, మెల్లగా తీయాలని చదువుకున్న పుస్తకంలో ఉంది. పుస్తకం రాసినవాళ్ల గుమ్మంలో నలభై మంది లేరనుకునేదాన్ని.

ఆ గదిలో కట్లు కట్టే డ్రెస్సర్ గఫార్ భాయ్. అప్పటికే యాభై దాటిన మనిషి. బహదూర్‌పురా నుంచి సైకిల్ మీద వచ్చేవారు. హోదాలో నాకంటే కింద. ఆ సంగతి ఆయనకు గుర్తుండేది, నాకూ గుర్తుండేది.

ఒకరోజు మూటలు మోసే హమాలీ ఒకతను మోకాలి కింద పుండుతో వచ్చాడు. నేను లాగాను. అతను భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అరవలేదు. కానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పుండులోంచి రక్తం కారింది. కట్టు కట్టి పంపించాక గఫార్ భాయ్ చెత్త బకెట్‌లోంచి ఆ గాజుగుడ్డను పటకారుతో పైకి తీశారు.

"బేటీ, ఇది చూడు. ఈ సన్నగ తెల్లగ అంటుకున్నది ఏంది?"

"చర్మం."

"కొత్త చర్మం. వారం సంది ఆ మనిషి ఒంట్ల తయారైంది. ఇప్పుడు బకెట్ల పడ్డది. మళ్ల వారం."

అంతే అన్నారు. గొంతు పెంచలేదు, ఎవరినీ పిలిచి చూపించలేదు. తర్వాతి మనిషిని కూర్చోబెట్టి, కట్టు మీద సెలైన్ ఉప్పునీళ్లు పోసి, స్టూల్ మీద కూర్చున్నారు. అతని పిక్క కింద ఒక చెయ్యి పెట్టి ఊరికే ఉన్నారు.

నాకు చిరాకేసింది. "ఇంకా ముప్పై మంది ఉన్నరు భాయ్. ఇది నానేలోపు ఇంకొకరిని చూడొచ్చు కదా?"

"చూడొచ్చు. జాస్తి మంది ఉన్ననాడు నేను గట్లనే చేస్త. కానీ ఈయన భయపడుతున్నడు. కట్టు దిక్కే చూస్తున్నడు, దేఖో. ఒక్కడే చూడొద్దు. రెండు నిమిషాలు. నానని."

రెండు నిమిషాలకు గాజుగుడ్డ దానంతట అదే ఊడి వచ్చింది. ఆ మనిషి "అయిపోయిందా?" అని అడిగాడు. పని సాఫీగా జరిగిందని నేనూ ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి తడిపి తీయడం మొదలుపెట్టాను. పక్కన కూర్చోవడం మాత్రం నేర్చుకోలేదు. సెలైన్ పోసి, అటు తిరిగి ట్రే సర్దుకునేదాన్ని. అది సగం పనే. సగం పని నేర్చుకున్నవాళ్లకు మొత్తం వచ్చేసిందన్న ధీమా ఉంటుంది. నాకు మస్తుగా ఉండేది.

అంజమ్మ

మూడో ఏట అంజమ్మ వచ్చింది. గౌలిపురలో నాలుగు బర్రెలు పెట్టుకుని పాలు పోసుకునే మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఎత్తుగా, నిటారుగా నడిచేది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. కొట్టంలో చెప్పుల్లేకుండా తిరుగుతుంటే ఎప్పుడో ఇనుపతీగ ముక్క గుచ్చుకుంది. రెండు రోజులు ఆమెకు తెలియనే తెలియలేదు. చీర అంచుకు చీము మరక కనబడితే అప్పుడు చూసుకుందట.

మూడుసార్లు చెప్పిన రోజుకు వచ్చింది. నాలుగోసారి రావలసిన రోజున రాలేదు. బర్రె ఈనిందట. ఐదు రోజులు ఆలస్యంగా వచ్చి బల్ల ఎక్కి కూర్చుంది. కట్టు విప్పగానే గది నిండా వాసన. పుండులో పురుగులు కదులుతున్నాయి.

పురుగులు నాకు కొత్త కాదు. అది భయపడాల్సిన సంగతీ కాదు. నూనె చుక్కలు వేసి ఒక్కొక్కటే తీస్తాం. ఆ రోజు నాకు తలనొప్పిగా ఉంది, ముందురోజు నిద్ర లేదు. ఇవి సాకులని నాకు తెలుసు. ముక్కు మీద చెయ్యి పెట్టుకుని, వరండా దాకా వినబడేలా అన్నాను.

"బర్రెల కొట్టంలనే పండుకుంటున్నవా ఏంది ఈ కాలుతోని? మనిషివి కాదా? ఇంత వాసనొచ్చేదాక ఏం చేస్తున్నవ్?"

గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లు నవ్వారు. వాళ్లలో ఒకతను, "గా చేతులతోనే పాలు పిండుతది కావచ్చు" అన్నాడు. ఇంకా నవ్వారు.

 నేను పురుగులు తీసి, కడిగి, కట్టు కట్టేదాకా అంజమ్మ గోడ వైపే చూసింది. అయిపోయాక బల్ల దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఎప్పటిలాగే నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను తర్వాతి చిట్టీ పిలిచాను.

కట్టు బాగానే కట్టాను. ఆ తృప్తితోనే ఆ రోజు ఇంటికి వెళ్లాను. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది.

గౌలిపుర

గఫార్ భాయ్ ఆ వారం బిడ్డ పెండ్లికి సెలవులో ఉన్నారు. తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం, జనం తగ్గాక, చేతులు కడుక్కుంటూ అడిగారు.

"పాలమ్మే అంజమ్మ ఎట్లుంది? పుండు మానుతున్నదా?"

"వస్తలేదు" అన్నాను.

"ఎన్ని రోజులాయె?"

లెక్కపెట్టుకుంటే తొమ్మిది రోజులు. ఆయన ముఖం మారింది. "షుగర్ కాలు, తొమ్మిది రోజులు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. డ్యూటీ దిగాక సైకిలెక్కి గౌలిపుర వెళ్లారు. మర్నాడు పొద్దున నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఇల్లు దొరికింది. పెనిమిటి యాదయ్య బయటనే మాట్లాడిండు. ఆమె లోపలికెల్లి రాలే. 'ఆ ఆసుపత్రి పేరు ఎత్తొద్దంటున్నది భాయ్' అన్నడు. ఎందుకని అడిగితే చెప్పలే. ఏమైంది బేటీ?"

అబద్ధం చెప్పవచ్చు. వరండాలో ఉన్నవాళ్లు ఎవరూ సాక్ష్యం చెప్పడానికి రారు. కానీ ఆయన నా వైపు అనుమానంగా చూడలేదు. ఆ మనిషికి ఏమైందో తెలుసుకోవాలని మాత్రమే చూస్తున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. గుమ్మంలో అతను అన్న మాటతో సహా.

 తిడతారేమో అనుకున్నాను. తిడితే నాకు కొంత తేలికయ్యేది.

"అయితే నేను పోతే ఫాయిదా లేదు. నువ్వు రావాలె" అన్నారు.

సుగుణమ్మను అడగడానికి వెళ్లాను. తిడుతుందనే అనుకున్నాను. ఆమె గడియారం చూసి, "పోయి తీస్కరా. నీ బదులు నేను నిలబడ్త" అంది.

గఫార్ భాయ్, నేను ఆటోలో వెళ్లాం. సన్నటి గల్లీ చివర రెండు గదుల ఇల్లు, పక్కనే రేకుల కొట్టం. కొట్టం కడిగి, ముగ్గు వేసినంత శుభ్రంగా ఉంది. నేలమీద ఒక్క పేడ మరక లేదు. నేను ఆసుపత్రిలో అన్న మాట నా చెవుల్లోనే మోగింది.

అంజమ్మ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది. కాలు మీద చీర కొంగు కప్పుకుని ఉంది. ముఖం కాగిపోతోంది, జ్వరం అని చూస్తేనే తెలుస్తోంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

"తప్పైంది అక్కా. నేను గట్ల అనకూడదుండె" అన్నాను.

"నువ్వేం తప్పన్నవ్? వాసనొచ్చింది, వాసనొచ్చిందన్నవ్" అంది గోడ వైపు చూస్తూనే. "నాలుగిండ్లోళ్లు పాలు బంద్ పెట్టిన్రు. ఆడ నవ్వినోడు మా గల్లీ ఎనకాలోడే. ఇప్పుడు జెప్పు, నీ 'తప్పైంది' తీస్కపోయి వాళ్లకు చూపియ్యాల్నా?"

 గఫార్ భాయ్ గడప బయటే గొంతుక్కూర్చున్నారు. కొట్టం వైపు చూసి, తీరిగ్గా, ఏదో ముచ్చట పెట్టినట్టు అడిగారు.

"అంజమ్మా, ఆ చివరి బర్రెకు గిట్ట మీద మచ్చ ఉన్నది. పుండైందా ఎప్పుడన్న?"

"నిరుడైంది."

"ఏం చేసినవ్?"

"ఏం చేస్త? పొద్దుమాపు వేడినీళ్లతోని కడిగిన. పసుపు పెట్టిన. ఈగలు వాలకుండ పక్కనే కూసున్న."

"అది తన్నలే?"

"తన్నింది. నొప్పి ఉంటే తన్నదా?"

"కోపమొచ్చి ఇడిసిపెట్టినవా?"

అంజమ్మ కొట్టం వైపు చూసింది.  తర్వాత ఆమె కొంగు తీసి, కాలు ముందుకు చాపింది. గఫార్ భాయ్ వైపే చాపింది, నా వైపు కాదు.

మూడు వేళ్లు నల్లబడి ఉన్నాయి. నలుపు పాదం మీదికి పాకింది.

మాటలు లేని కట్లు

ఆ రోజే ఆసుపత్రికి తెచ్చాం. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆపరేషన్ తర్వాత సర్జన్‌ను వరండాలో ఆపి అడిగాను. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదని. ఆయన ఎప్పుడూ ఒక మాట ఎక్కువ మాట్లాడని మనిషి. "రెండు వేళ్లు ఎట్లాగూ పోయేవి. పాదం మాత్రం మిగిలి ఉండేదేమో. చెప్పలేం" అని వెళ్లిపోయారు.

చెప్పలేం అన్న ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు వేలాడాను. నా వల్ల కాకపోవచ్చు అని ఒక పూట, నా వల్లే అని ఒక పూట. మంగళవారాలు ఉపవాసం ఉండేదాన్ని. గుడికి వెళ్లి ప్రదక్షిణలు చేసేదాన్ని. కళ్లు మూసుకోగానే ఆ తల తిప్పుకున్న ముఖమే కనబడేది. క్షమించమని దేవుణ్ణి అడగడం నాకే సిగ్గుగా అనిపించింది. అడగాల్సింది ఆయన్ని కాదు కదా.

గఫార్ భాయ్‌ను అడిగాను. "ఇది ఎట్ల తీర్చుకోవాలె భాయ్?"

"తీరదు. కాలు మళ్ల మొలుస్తదా? డ్రెస్సింగ్‌కు వస్తది కదా. మంచిగ చెయ్యి."

వచ్చేది. వార్డు నుంచి పంపేశాక వారానికి రెండుసార్లు యాదయ్య ఆటోలో తెచ్చేవాడు. పాదంలో స్పర్శ ఉండేది కాదు కానీ కోసిన చోట ఆమెకు నొప్పి బాగానే తెలిసేది. మొదటి రోజు గఫార్ భాయ్ ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోయారు. గదిలో ఇద్దరమే మిగిలాం. తెర లాగాను. వరండాలోంచి ఎవరికీ కనబడకుండా తెర లాగాలని అప్పటిదాకా నాకు తోచలేదు. తెర మాత్రం మొదటి నుంచీ అక్కడే వేలాడుతుండేది.

సెలైన్ సీసా చల్లగా ఉంటుంది. కాసేపు గోరువెచ్చటి నీళ్ల టబ్బులో పెట్టాను. "పోస్తున్న అక్కా" అని చెప్పి పోశాను. స్టూల్ లాక్కుని కూర్చున్నాను. తొడ కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను. ఆమె గోడ వైపు చూస్తోంది. నేను కట్టు వైపు చూస్తున్నాను. రెండు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఆ రోజు తెలిసింది. గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది. ట్రే సర్దుకుందామా అనిపించింది. చేతులు కదలకుండా కూర్చోవడం అంత కష్టమని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

అలా ఐదారు వారాలు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడించాలని చూడలేదు. మళ్లీ క్షమాపణ చెబితే అది నా బరువు ఆమె ఒడిలో పెట్టినట్టే అనిపించింది.

మెల్లగా నాలో ఏదో మారింది. చెయ్యి కింద ఆమె కండరం మొదట్లో కర్రలా బిగుసుకుని ఉండేది. నీళ్లు ఇంకే కొద్దీ కొంచెం సడలేది. ఆ సడలడం నా అరచేతికి తెలిసేది. దాని కోసమే ఎదురుచూసేదాన్ని. ఆ కాసేపు నాకు సుగుణమ్మ గడియారం వినబడేది కాదు. నా తప్పు కూడా గుర్తొచ్చేది కాదు. గుళ్లో కళ్లు మూసుకుంటే ఇంట్లో పప్పు మాడిందేమో అని గుర్తొచ్చే నా మనసు, అక్కడ ఆ కాలి మీద కదలకుండా నిలిచేది. దేవుణ్ణి చూశానని చెప్పను. నాకు అంత లేదు. కానీ ప్రార్థన అని పెద్దవాళ్లు చెప్పేది ఇలా ఉంటుందేమో అని మొదటిసారి అక్కడే అనిపించింది.

ఏడో వారం అనుకుంటాను. సెలైన్ పోసి కూర్చున్నాను. అంజమ్మ గోడ వైపే చూస్తూ, "నల్లబర్రె పాలు తక్కువిస్తున్నది. యాదయ్య చెయ్యి దానికి పడ్తలేదు" అంది.

"నీ చెయ్యే కావాల్నేమో దానికి" అన్నాను.

"గంతే. అలవాటు" అంది.

అదే మా మొదటి సంభాషణ. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా నాలుగు బర్రెల సంగతులూ చెప్పేది. ఆ పాత సంగతి ఎత్తలేదు. "మాఫ్ చేసిన" అని ఎప్పుడూ అనలేదు. నేను అడగనూ లేదు.

దాన్ని ఇబాదత్ అనకు

ఒక శుక్రవారం నమాజుకు వేళవుతుంటే, చెయ్యి కాలిన ఒక ముసలామె వచ్చింది. గఫార్ భాయ్ టోపీ జేబులో పెట్టుకుని మళ్లీ స్టూల్ మీద కూర్చున్నారు. ఆమె వెళ్లాక నేను ఏదో గొప్ప మాట చెబుతున్నాననుకుని, "మీకు ఇదే నమాజ్ కదా భాయ్" అన్నాను.

"తౌబా బేటీ. నమాజ్ నమాజే. ఇది కట్టు. పోయి చదువుకుంట ఇప్పుడు."

"నేను అన్నది ఏందంటే..."

"సమజైంది. నువ్వు మంచిగనే అన్నవ్. కానీ దీన్ని ఇబాదత్, పూజ అనకు. అన్నవనుకో, ప్రతి కట్టుకు పైనోనికి ఏదో పంపిస్తున్న అనిపిస్తది. అప్పుడు నీ కన్ను పుండు మీద ఉండదు, నీ మీద ఉంటది. పుండు దిక్కు చూడు. అది ఏం లెక్కల పడతదో ఆయన చూసుకుంటడు. మనకెందుకు ఫికర్?"

ఆయన సైకిల్ తీసుకుని వెళ్లిపోయారు. నేను అక్కడే నిలబడిపోయాను. అంజమ్మ దగ్గర కూర్చున్న నిమిషాల గురించి అప్పటికే నాకు లోలోపల కొంచెం గర్వం మొదలైంది. నేను మంచిదాన్ని అయ్యానని. ఆయన అది చూశారో లేదో తెలియదు. నాకు మాత్రం సూటిగా తగిలింది.

తర్వాతి ఏళ్లలో పండ్లు పంచడానికి, ఫోటోలు దిగడానికి వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లను చూసి నవ్వుకోవడం సులువు. పండ్లు తిన్నవాళ్లకు ఆకలి తీరింది, అది నిజం. నాకున్న రోగం అంతకంటే లోతుది. ఫోటో తీసేవాళ్లు లేకపోయినా, నా ఫోటో నేనే తీసుకుంటుండేదాన్ని.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒక నిజం కూడా చెప్పాలి. రోజంతా దయగా ఉండటం ఎవరి వల్లా కాదు. నేను చాలా రోజులు కసురుకున్నాను. కొన్ని రోజులు యంత్రంలాగే పనిచేశాను. యాభై మందిలో ఐదుగురి దగ్గర పూర్తిగా ఉండగలిగితే అది మంచి రోజు. మిగిలిన నలభై ఐదు మందికి కనీసం తెర లాగాను, పేరు పెట్టి పిలిచాను, ముట్టుకునే ముందు చెప్పాను. మనసు బాగాలేని రోజున ఈ అలవాట్లే ఆదుకుంటాయి. మనసు ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. తెర తాడు మన చేతిలోనే ఉంటుంది.

ఇంట్లో మనిషి

గఫార్ భాయ్ రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. కొన్నేళ్లకు గుండె ఆగి పోయారని కబురొచ్చింది. బహదూర్‌పురా వెళ్లి, ఆడవాళ్లు కూర్చున్న గదిలో ఆయన భార్య పక్కన కూర్చున్నాను. ఆయన ఎంత ఓపిక గల మనిషో, మాకు ఏం నేర్పారో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ వింటూ, మధ్యలో నా చెయ్యి పట్టుకుంది.

"ఓపికనా? ఇంట్ల చాయ్ చల్లబడితే ఎంత లొల్లి చేసేటోడో నీకేం ఎరుక బిడ్డా. ఉన్న ఓపికంత ఆసుపత్రిలనే ఒడగొట్టి వచ్చేటోడు. మాకు మిగిలింది గదే."

చుట్టూ ఉన్నవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాకు ఆయన మీద ప్రేమ ఇంకా పెరిగింది. ఆయన పుట్టుకతోనే శాంతమూర్తి అయితే ఆయన నుంచి నేర్చుకోవడానికి నాలాంటిదానికి ఏముంటుంది? చల్లటి చాయ్‌కు కోపం వచ్చే మనిషే, భయపడుతున్నవాడి పక్కన రోజూ కూర్చున్నాడు.

ఆదివారం

నేను రిటైరై రెండేళ్లయింది. నాకూ షుగర్ ఉంది. ఆరేళ్లుగా మాత్రలు మింగుతున్నాను. జనానికి పాదాలు రోజూ చూసుకోమని చెప్పీ చెప్పీ నోరు అరిగింది కానీ, నా పాదాలు నేను చూసుకున్నది తక్కువ.

మొన్న వానాకాలంలో యాదయ్య కనబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. అంజమ్మ ఎలా ఉందని అడిగాను. మాటల్లో నా షుగర్ సంగతీ చెప్పాను.

"ఆదివారం వచ్చి చూడు సిస్టరమ్మా. గిరాకీ మస్తుంది" అన్నాడు నవ్వుతూ.

ఆదివారం పొద్దున గౌలిపుర వెళ్లాను. బర్రెలు ఇప్పుడు లేవు. కొట్టం ఉన్న చోట చిన్న అరుగు కట్టారు. అరుగు మీద అంజమ్మ కుర్చీలో కూర్చుంది. కృత్రిమ కాలు పక్కన గోడకు ఆనించి ఉంది. ముందు ఒక పీట. ఆ గల్లీలో షుగర్ ఉన్నవాళ్లంతా వరుసగా కూర్చున్నారు. హిందువులు, ముస్లింలు, ఆడవాళ్లు, మగవాళ్లు. ఒక్కొక్కరే వచ్చి పీట మీద కూర్చుని పాదం ఆమె ఒడిలో పెడుతున్నారు. ఆమె కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, వేళ్ల సందులు విప్పి చూస్తోంది. అరికాలంతా బొటనవేలితో నొక్కి చూస్తోంది. "తెలుస్తుందా? ఈడ? ఈడ?" అని అడుగుతోంది. పుండు కనబడితే, "రేపు పొద్దుగాల ఆసుపత్రికి పో. పోకుంటే నేనే వచ్చి గుంజుకపోత" అంటోంది. నవ్వేవాళ్లు ఎవరూ లేరు.

ఎన్నేళ్లుగా చేస్తోందని ఒకావిడను అడిగాను. "మా బాపు ఉన్నప్పటి సంది" అంది ఆమె. అంటే చాలా ఏళ్లే. ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఆసుపత్రికి గౌలిపుర నుంచి సకాలంలో వచ్చిన పాదాల్లో ఎన్ని ఈ అరుగు మీది నుంచి వచ్చాయో, నేను వాటికి కట్లు కట్టి ఎన్నిసార్లు నా పనికి నేనే మురిసిపోయానో.

అంజమ్మ నన్ను చూసింది. లేవబోయింది. వద్దన్నాను.

"షుగరుందట కదా. యాదయ్య చెప్పిండు. కూసో" అంది పీట చూపిస్తూ.

"నాకేం లేదు అక్కా. నేను ఊరికే చూడనీకి వచ్చిన."

"చూసినవ్ కదా. కూసో ఇగ."

కూర్చున్నాను. చెప్పు విప్పడానికి నాకు చెయ్యి రాలేదు. వేల పాదాలు పట్టుకున్న చేతులు ఇవి. ఒక్క పాదం ఇంకొకరి చేతిలో పెట్టడం ఇంత కష్టమని నాకు తెలియదు. మడమ పగిలి ఉంది, గోళ్లు సరిగా తీయలేదు, దారిలో బురద అంటింది. వరుసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. మా గదిలో బల్ల మీద కూర్చున్న రోజు ఆమెకు ఎలా ఉండి ఉంటుందో, అన్నేళ్ల తర్వాత, ఒక పీట మీద కూర్చుంటే గానీ నా ఒంటికి తెలియలేదు.

అంజమ్మ తొందరపెట్టలేదు. చెయ్యి చాచి అలాగే ఉంచింది. నేను చెప్పు విప్పి కాలు ఇచ్చాను. ఆమె తన కొంగుతో బురద తుడిచి, ఒడిలో పెట్టుకుని, మడమ పగులు మీద వేలు ఆనించింది. ఆ వేలు వెచ్చగా ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగితే తల పక్కకు తిప్పుకున్నాను.

"లోతుగనే ఉన్నది. రోజూ నూనె రాయి. ఇంట్ల గూడ చెప్పులేసుకో" అంది. "ఆదివారం మళ్ల రా, చూస్త."

తర్వాతి ఆదివారం తొమ్మిదింటికే వెళ్లాను. నా ముందు ఆరుగురు ఉన్నారు. నన్ను గుర్తుపట్టిన ఒకతను లేచి, "సిస్టరమ్మా, మీరు ముందుకు పోండి" అన్నాడు.

వద్దన్నాను. అతని వెనకే కూర్చుని, చెప్పులు విప్పుకున్నాను.